సమస్య: నిప్పుపై గ్రుడ్లు పెట్టెను నీటిపిట్ట

సంచాలకులు: నిన్న పొద్దున ఏటిగట్టు మీద నడుస్తుంటే తట్టిన పాదం. ఇదే చివరి పాదంగా పద్యం పూరించండి. కలలో కనిపించింది, బొమ్మలో చూశాను అనే పూరణలు వద్దు. పిట్ట నిజంగానే గుడ్లు పెట్టాలి.

లంకమ్మ:

మండు వేసవి గోదారి మధ్యమందు
కాలు మోపిన బొబ్బలౌ గాడ్పు వేళ
బిడ్డలకు నీడ తానయి ప్రేమతోడ
నిప్పుపై గ్రుడ్లు పెట్టెను నీటిపిట్ట

గణశోధి: లంకమ్మగారూ, రెండో పాదం చదువుతుంటే అరికాలు చురుక్కుమంది. కానీ గోదారి మధ్య కాలు మోపితే తగిలేది నీళ్ళే కదండీ! ఇసుక మాట పద్యంలో ఎక్కడా లేదు. అది లేకపోతే నిప్పు నిలవదు. "గోదారి" తీసి "తిన్నెల" అని వేయండి, గణం (గురులఘువుల లెక్క) చెడదు.

లంకమ్మ: నిజమే. మా గోదారి పేరు పోతోందని మనసు పీకుతోంది గానీ, "మండు వేసవి తిన్నెల మధ్యమందు" అనే ఉంచండి.

యానాం మాస్టారు:

తీతు వొక్కటి ఱాలలో తిరుగాడుచు
పొట్ట తడుపుక వచ్చును బొట్లు రాల
చల్లదనమును గ్రుడ్లపైఁ జల్లు తల్లి
నిప్పుపై గ్రుడ్లు పెట్టెను నీటిపిట్ట

గణశోధి: మాస్టారూ, మొదటి పాదం నాలుగో గణం చూసుకోండి. "తిరుగా" సగణం (రెండు లఘువులు, ఒక గురువు), అక్కడ సూర్యగణం (గురువు, లఘువు; లేదా మూడు లఘువులు) పడాలి. "తిరుగుచుండి" అంటే సరి. ఇంకొకటి, తీతువు నీటిపిట్టేనా? దున్నిన చేలల్లోనూ, ఊరి బయట బీళ్ళలోనూ తిరుగుతుందే.

లంకమ్మ: గణం సంగతి మీరూ మీరూ చూసుకోండి. రెండో పాదానికి మాత్రం మాస్టారికి దండం. నిరుడు వైశాఖంలో మా లంకలో పుచ్చపాదుల పక్కన కళ్ళారా చూశాను. నాలుగు గుడ్లు, సన్నకొనలు లోపలికి తిప్పి ఉన్నాయి. మట్టిరంగు మీద నల్లమచ్చలు, చూపు ఒక్కసారి పక్కకు తిప్పితే మళ్ళీ దొరకవు. తల్లి ఏటి అంచుకు వెళ్ళి పొట్ట ఈకలు తడుపుకుని, పరుగు పరుగున వచ్చి గుడ్ల మీద ఒదిగింది. దారిలో బొట్టు పడ్డచోటల్లా ఇసుక నల్లబడి, రెప్పపాటులో ఆరిపోయింది. మిట్టమధ్యాహ్నం అయితే కూర్చోదు. నిలబడి నీడ పడుతుంది. గుడ్లు పొదగడం అంటే వెచ్చబెట్టడమే అనుకునేదాన్ని అంతవరకూ.

తీరవాసి: గణశోధిగారి సందేహం సబబే. అచ్చంగా నీటిపిట్టే కావాలంటే రివర్ టర్న్ ఉంది. పసుపుపచ్చ ముక్కు, నల్లటోపీ. ఏరు తగ్గి తిన్నెలు బయటపడ్డాక ఇసుకలో చిన్న గుంట చేసి గుడ్లు పెడుతుంది. పైనుంచి ఒక్కసారి నీళ్ళు వదిలారంటే గూళ్ళన్నీ కొట్టుకుపోతాయి. కుక్కలు, పశువులు, ఇసుక ట్రాక్టర్లు సరేసరి. 2020లో దీన్ని ప్రపంచస్థాయి ఎర్రజాబితాలో, అంటే అంతరించే ముప్పును బట్టి జీవులను వర్గీకరించే పట్టికలో, ముప్పు అంచున ఉన్నవాటి నుంచి ముప్పులో ఉన్నవాటిలోకి (వల్నరబుల్) మార్చారు. నా పూరణ:

బెదరదీ వేసవికిఁ దల్లి! పేర్మిఁ జూడు
గొడుగు లేదు, గూడును లేదు, కొమ్మ లేదు
క్రింద నిసుక పెనము, చుట్టుఁ గెరలు గాడ్పు
నిప్పు పై, గ్రుడ్లు పెట్టెను నీటిపిట్ట

సంచాలకులు: ఆహా! "నిప్పు పై" దగ్గర ఆపేశారు! కింద పెనం, చుట్టూ గాడ్పు, పైన సూర్యుడు. పాదం ఇచ్చిన నాకే ఈ విరుపు తోచలేదు.

యానాం మాస్టారు: తీరవాసీ, నాయనా, నా తీతువు మీద ఎండ కాసేశావు. ఒప్పుకున్నాను. గణశోధిగారి దిద్దుబాటుకూ తలవంచాను. కానీ పోయిన కార్తీకంలో "కత్తి కోసిన నీరంత కలిసిపోయె" సమస్యకు నేను రాసిన స్కిమ్మర్ (ముక్కుతో నీటిని కోస్తూ ఎగిరే పిట్ట) పద్యాన్ని ఆయన ఒక్క మాట కోసం పక్కన పెట్టేశారు. అది మాత్రం ఇంకా మింగుడుపడలేదు.

గణశోధి: ఆ ఒక్క మాటే పద్యానికి ప్రాణం మాస్టారూ! మీరు పైముక్కు పొడవన్నారు. ఆ పిట్టకు కిందిముక్కే పొడవు. దాన్ని నీటిలో దించి, నోరు తెరిచి ఎగురుతూ గీత గీసుకుపోతుంది, చేప తగలగానే ముక్కు మూస్తుంది. పైది పొడవైతే నీరు కోసేదెలా? పైగా గోదావరి సముద్రంలో కలిసే మొగలో పిల్లల్ని చేసినట్టు రాశారు. అది మన దగ్గరికి వచ్చేది చలికాలంలో. గుడ్లు పెట్టే చోటు చంబల్ వంటి ఉత్తరాది నదుల ఇసుక.

తీరవాసి: చంబల్ మాట నిజమే. కాకినాడ వైపు తీరంలో చలికాలపు పొద్దున గుంపుగా చూశాను, అన్నీ గాలికి ఎదురుగా ముఖం పెట్టి ఇసుక మీద కూర్చున్నాయి. మాస్టారూ, ఆ పద్యం వదిలేయకండి. నాకు మూడో పాదం ఇప్పటికీ నోటికి వచ్చు.

యానాం మాస్టారు: నీ నోట నిలిచిందంటే దిద్దక తప్పదు. "దీర్ఘమౌ మీఁది ముక్కుతోఁ దిన్నగాను" అని ఉండేది. ఇకమీదట ఇలా చదువుకోండి:

దీర్ఘమౌ క్రింది ముక్కుతోఁ దిన్నగాను

గణశోధి: గణం సరి, యతి (పాదం మధ్య అక్షరమైత్రి) సరి, ముక్కూ సరి. పాత పుటలో నేనే మార్చి పెడతాను.