ఇగోర్ స్టిమాక్: తప్పు కోచ్‌దా, ఫెడరేషన్‌దా?

మిడ్‌ఫీల్డ్_మామ
2026 వరల్డ్ కప్ క్వాలిఫయర్స్ రెండో రౌండ్‌లోనే మనం ఆగిపోయాక, 2019 మే నుంచి 2024 జూన్ దాకా భారత ఫుట్‌బాల్ జట్టు కోచ్‌గా ఉన్న స్టిమాక్‌ని తిట్టేవాళ్లే ఎక్కువ. 1998 వరల్డ్ కప్‌లో మూడో స్థానం కొట్టిన క్రొయేషియా డిఫెండర్, తర్వాత ఆ జట్టుకే కోచ్. 2023లో ఇంఫాల్ ముక్కోణపు టోర్నీ, ఇంటర్‌కాంటినెంటల్ కప్, శాఫ్ కప్ (దక్షిణాసియా టోర్నీ) గెలిపించి మన ఫిఫా ర్యాంకు 99కి తెచ్చాడు. ఏడాది తిరక్కుండానే చేతగానివాడైపోయాడా?

ఆఫ్‌సైడ్_ట్రాప్
ఇంఫాల్, భువనేశ్వర్, బెంగళూరు. మూడూ మన గడ్డమీదే కదండీ. శాఫ్ ఫైనల్లో కువైట్‌తో 1-1, పెనాల్టీల్లో గట్టెక్కాం. 2024 జనవరిలో ఖతర్‌లో ఆసియా కప్: ఆస్ట్రేలియాతో 0-2, ఉజ్బెకిస్థాన్‌తో 0-3, సిరియాతో 0-1. ఒక్క గోలూ లేదు.

మిడ్‌ఫీల్డ్_మామ
కొట్టేదెవరు? ఐఎస్ఎల్‌లో (ఇండియన్ సూపర్ లీగ్) ఒకేసారి నలుగురు విదేశీయుల్ని దింపొచ్చు. సెంటర్ ఫార్వర్డ్ చోటు దాదాపు ప్రతి క్లబ్‌లో వాళ్లదే, మనవాళ్లు వింగ్‌కి జరగాల్సిందే. మన్వీర్ సింగ్ మోహన్ బగాన్‌లో కుడి వైపు ఆడి, జాతీయ జట్టుకొచ్చి మధ్యలో నిలబడాల్సొచ్చింది. లేదంటే అప్పటికే 39 ఏళ్లున్న సునీల్ ఛెత్రీ. పైగా ఆసియా కప్‌కి ముందు నెల రోజుల క్యాంపు అడిగితే దక్కింది రెండు వారాలే.

ఆఫ్‌సైడ్_ట్రాప్
క్యాంపు సాకు ఆసియా కప్‌కి ఒప్పుకుంటా, క్వాలిఫయర్స్‌లో అఫ్ఘానిస్థాన్‌కి ఒప్పుకోను. వాళ్ల సీనియర్లు చాలామంది తమ ఫెడరేషన్‌తో గొడవపడి రాలేదు. అయినా అభాలో (సౌదీ) 0-0. గువాహటిలో ఛెత్రీ పెనాల్టీతో ముందున్నవాళ్లం 70వ నిమిషంలో గోలిచ్చి, 88లో పెనాల్టీ ఇచ్చుకుని 1-2తో ఓడాం. కువైట్ మీద నాలుగు పాయింట్లు తెచ్చుకున్న జట్టు అఫ్ఘాన్ మీద ఒక్కటి తెచ్చుకుంది. గ్రూపులో చివరికి కువైట్ 7 పాయింట్లతో మూడో రౌండ్‌కి వెళ్లింది, మనం 5తో ఆగాం.

గచ్చిబౌలి_గ్యాలరీ
దోహాలో ఖతర్‌తో ఆఖరి క్వాలిఫయర్ సంగతి వదిలేశారేం? 2024 జూన్ 11న మన ఛాంగ్తే గోలుతో 1-0. 73వ నిమిషంలో గోల్‌లైన్ దాటి బయటికెళ్లిన బంతిని ఖతర్‌వాళ్లు వెనక్కి లాగి కొడితే రిఫరీ గోలిచ్చేశాడు. ఆ రౌండ్‌లో వీఏఆర్ (వీడియో రిఫరీ) లేదు. చివరికి 1-2. గెలిచుంటే మనకి 8 పాయింట్లు, మూడో రౌండ్ మనదే. ఇంకోటి: హైదరాబాద్ ఎఫ్‌సీకి టైటిల్ తెచ్చిన మనోలో మార్కెజ్ స్టిమాక్ స్థానంలో కోచ్‌గా వచ్చాడు. గచ్చిబౌలిలో మారిషస్‌తో 0-0, సిరియాతో 0-3. కోచ్ మారినా గోల్ కరువు తీరలేదు.

ఆఫ్‌సైడ్_ట్రాప్
ఆ గోలు అన్యాయమే, కాదనను. కానీ ముందే అర్హత సాధించిన ఖతర్ కుర్ర జట్టుని దింపింది. వాళ్లమీద ఆఖరి మ్యాచ్ దాకా తెచ్చుకోవడం అఫ్ఘాన్ చలవే. మన ఫెడరేషన్‌ని అనాలంటే స్టిమాక్ ఒప్పందం గురించి అనండి. 2023 అక్టోబర్‌లో 2026 దాకా పొడిగించారు, 2024 జూన్ 17న పొమ్మన్నారు, 4 లక్షల డాలర్లు చెల్లించుకున్నారు.