అప్‌డేట్: యార్క్‌షైర్ నేత కార్మికుడి మాటల్లోని ‘లేక్’ అంటే ఏమిటో తేలింది

ఉత్తర ఇంగ్లండ్‌లోని యార్క్‌షైర్‌కు చెందిన ఒక ఉన్ని మిల్లు కార్మికుడి జ్ఞాపకాలను తెలుగు చేస్తూ, ‘ఆ వారం మూడు రోజులు లేక్ చేశాం’ అన్న అర్థమిచ్చే వాక్యం దగ్గర ఆగిపోయి ఇక్కడ అడిగాను. సమాధానమిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు.

జోసెఫ్ రైట్ సంపాదకత్వంలో 1898–1905 మధ్య ఆరు సంపుటాలుగా వెలువడిన ఇంగ్లిష్ మాండలిక నిఘంటువును చూడమన్న సలహాయే ఫలించింది. యార్క్‌షైర్‌లోనే, బ్రాడ్‌ఫర్డ్ ప్రాంతంలో బాల్యంలోనే మిల్లు పనికి వెళ్లి, పదిహేనేళ్లు వచ్చేదాకా చదవడం రాని రైటే తరువాత ఆక్స్‌ఫర్డ్‌లో ఆచార్యుడయ్యారు కనుక, ఈ మాట విషయంలో అంతకన్నా నమ్మదగిన సాక్షి దొరకరు. స్కాండినేవియా వారి పాత భాష అయిన ప్రాచీన నార్స్‌లోని ‘లేయ్‌కా’, అంటే ఆడుకోవడం, ఈ ‘లేక్’కు మూలం. మిల్లుల్లోనూ గనుల్లోనూ అదే మాట పని దొరకక ఖాళీగా ఉండటానికి వాడుకలోకి వచ్చింది.

లీడ్స్ విశ్వవిద్యాలయంలో హెరాల్డ్ ఆర్టన్ నడిపించిన మాండలిక సర్వే, 1950–61 మధ్య 313 ఊళ్లలో, ఎక్కువగా వృద్ధుల నోట సేకరించిన సామగ్రి కూడా చూశాను. అక్కడ ఈ మాట పిల్లల ఆట అన్న అర్థంలోనే కనిపించింది గనుక నా వాక్యానికి అది చాలలేదు. ఇంగ్లిష్‌లో సరస్సును ‘లేక్’ అంటారు కనుక దానితో సంబంధముందన్న ఊహ, అచ్చుతప్పు అన్న నా అనుమానం, రెండూ తప్పే.

చివరికి ‘మూడు రోజులు పని లేక కూర్చున్నాం’ అని రాశాను. ‘లేక’ కలవడం కేవలం కాకతాళీయం. మన దగ్గర మర ఆడితే పని ఉన్నట్టు, అక్కడ మనుషులు ఆడితే మర ఆగినట్టు.