జిల్లా మారాక అంగన్‌వాడీలో బాబు పేరు నమోదు కావడం లేదు: ఎవరిని కలవాలి?

మేము జూన్ రెండో వారంలో చిత్తూరు జిల్లా పలమనేరు నుంచి తిరుపతి కొర్లగుంటకు మారాము. బాబుకు 3 ఏళ్ల 4 నెలలు. ఇక్కడి అంగన్‌వాడీలో పేరు రాయించబోతే, పోషణ్ ట్రాకర్ యాప్‌లో ఆధార్ నంబరు కొట్టగానే 'ఇప్పటికే నమోదైంది' అని వస్తోంది.

పాత కేంద్రం టీచరుగారికి రెండుసార్లు ఫోన్ చేశాను. పేరు తీసేశానని ఆమె చెప్పి వారం దాటినా, ఇక్కడ అదే సందేశం కనిపిస్తోంది. వార్డు సచివాలయంలో ఇచ్చిన అర్జీ 'మా పరిధి కాదు' అన్న జవాబుతో తిరిగివచ్చింది. ఆధార్‌లో చిరునామా మార్పించి 20 రోజులైనా ఫలితం లేదు.

ఇక్కడి టీచరుగారు మంచి మనసుతో బాబును చాప మీద కూర్చోబెట్టి పాటలు నేర్పుతున్నారు. కాని గుడ్లు నమోదైన పేర్ల లెక్కకే వస్తాయి కాబట్టి, వాడి పళ్లెంలో గుడ్డు కనిపించిన రోజు ఇంకో బిడ్డ రాలేదని అర్థం. అది నన్ను చాలా బాధిస్తోంది. 2013 నాటి జాతీయ ఆహార భద్రతా చట్టం 6 నెలల నుంచి 6 ఏళ్ల పిల్లలకు స్థానిక అంగన్‌వాడీ ద్వారా ఉచిత భోజనాన్ని హక్కుగా ఇచ్చింది. ఊరు మారినంత మాత్రాన అది ఆగిపోకూడదు.

ఇలా జిల్లా దాటి బిడ్డ పేరును మార్పించుకున్నవారు దయచేసి చెప్పండి: ఆ మార్పు పాత ఊరి సీడీపీఓ (అంగన్‌వాడీలను పర్యవేక్షించే శిశు అభివృద్ధి పథకం అధికారి) కార్యాలయంలో జరిగిందా, కొత్త ఊరి కార్యాలయంలోనా?