పెరుగన్నం టోకెన్లు వాటంతట అవే ముద్రితమవుతున్నాయి: రాస్ప్‌బెర్రీ పై 4, 7 అంగుళాల టచ్ స్క్రీన్

టోకెన్‌కౌంటర్ (బెంగళూరు) అడిగిన ప్రశ్న

అందరికీ నమస్కారం. మారతహళ్ళిలో మా మామయ్య నడిపే ఆంధ్రా మెస్‌లో టోకెన్లు ఇవ్వడానికి ఏడాదిన్నర క్రితం నేనే ఒక యంత్రం తయారుచేసి పెట్టాను. రాస్ప్‌బెర్రీ పై 4 అనే చిన్న కంప్యూటర్ బోర్డు, దానికి 1024 × 600 కొలతల 7 అంగుళాల హెచ్‌డీఎంఐ కెపాసిటివ్ టచ్ స్క్రీన్, యూఎస్‌బీ ద్వారా కలిపిన థర్మల్ ప్రింటరు, ఇంతే సరంజామా. తెరను నిలువుగా తిప్పి స్టీలు చట్రంలో బిగించాను. గత నెల మెమరీ కార్డు పాడైపోవడంతో బుల్స్‌ఐ అనే పాత ఆపరేటింగ్ సిస్టమ్ స్థానంలో దాని తరువాతిదైన బుక్‌వర్మ్ వేశాను. అప్పటినుంచి మూడు ఇబ్బందులు ఒకదానిమీద ఒకటి వచ్చిపడ్డాయి.

మొదటిది, వేలు ఒకచోట పెడితే స్పందన మరోచోట వస్తున్నది. కొత్తగా వేసిన రోజున ఎడమవైపు పై మూల నొక్కితే కుడివైపు పై మూల స్పందించేది. పాత కార్డులోని ఎక్స్11 (తెరమీద బొమ్మను చూపే పాత సాఫ్ట్‌వేర్) అమరిక ఫైలును తెచ్చి పెడితే ఏ మార్పూ లేదు. ఆ తర్వాత దొరికిన చిట్కాలన్నీ వరుసగా ప్రయత్నించగా, ఇప్పుడు ఎడమవైపు పై మూల నొక్కితే ఎడమవైపు కింది మూల స్పందిస్తున్నది. రెండవది, మధ్యాహ్నం పన్నెండున్నర దాటి రద్దీ మొదలయ్యాక తెరను ఎవరూ తాకకపోయినా తాకినట్టు నమోదవుతున్నది. మొన్న శనివారం కౌంటరు దగ్గర ఎవరూ లేనప్పుడు వరుసగా పదకొండు పెరుగన్నం టోకెన్లు బయటికి వచ్చాయి. మామయ్య వాటిని పిన్ను కొట్టి నాకోసం దాచిపెట్టారు. మూడవది, అప్పుడప్పుడు బొమ్మ కనిపిస్తూనే ఉంటుంది గానీ టచ్ పూర్తిగా ఆగిపోతుంది, యూఎస్‌బీ తీగ పీకి మళ్ళీ పెడితే తిరిగి పనిచేస్తుంది.

ఒక దుకాణంలో చూపిస్తే తెర పోయింది, కొత్తది కొనుక్కోండి అన్నారు. కొనడానికి ఇబ్బంది లేదు గానీ, కొత్తది పెట్టాక కూడా ఇదే జరిగితే మామయ్యకు సమాధానం చెప్పుకోలేను. ఫోన్ నుంచి రాస్తున్నందున ఆదేశాల పేర్లు పలికినట్టే రాస్తాను, మన్నించగలరు.

బ్రెడ్‌బోర్డు

తెర కొనే ఆలోచన ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీరు చెప్పిన మూడు లక్షణాలకు ఒకే కారణం ఉండాలని లేదు, ఉంటుందని నేను అనుకోవడమూ లేదు. హెచ్‌డీఎంఐ తీగలో వెళ్ళేది బొమ్మ మాత్రమే, వేలి స్పర్శ యూఎస్‌బీ తీగలో మౌస్ సమాచారం వచ్చినట్టు వేరుగా వస్తుంది. కాబట్టి బోర్డు దృష్టిలో ఇవి ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు పరికరాలు, వాటికి ముడి వేయవలసిన బాధ్యత మనదే.

మొదటి ఇబ్బంది మాత్రం నూటికి నూరుపాళ్ళు సాఫ్ట్‌వేర్‌దే. 2023 అక్టోబరులో వచ్చిన బుక్‌వర్మ్‌లో పై 4, పై 5 బోర్డుల డెస్క్‌టాప్ ఎక్స్11 నుంచి వేలాండ్ అనే కొత్త పద్ధతికి మారింది, 2024 అక్టోబరు విడుదల నుంచి అందులో లాబ్‌డబ్ల్యూసీ అనే విండోల నిర్వాహకాన్ని వాడుతున్నారు. మీ పాత ఎక్స్11 ఫైలును అది చదవనే చదవదు, తప్పు అని కూడా చెప్పదు, అందుకే ఏ మార్పూ కనిపించలేదు. అయితే యూడెవ్ నియమంలో (పరికరం కలిసినప్పుడు అమలయ్యే అమరిక ఫైలులో) రాసే లిబ్‌ఇన్‌పుట్ క్యాలిబ్రేషన్ మ్యాట్రిక్స్‌ను (స్పర్శ స్థానాన్ని తిప్పే అంకెల వరుసను) మాత్రం వేలాండ్ కూడా పాటిస్తుంది. మీరు ప్రయత్నించిన చిట్కాలలో 0 1 0 -1 0 1 అనే ఆరు అంకెల వరుస ఉన్నదా? దానితోపాటు స్క్రీన్ కాన్ఫిగరేషన్‌లో తెరమీద కుడి క్లిక్ చేసి టచ్‌స్క్రీన్ అన్నచోట మీ పరికరాన్ని ఎంచుకున్నారా?

ఎందుకు అడుగుతున్నానంటే, మొదటిరోజు పొరపాటు కుడి మూలకు పోయింది, ఇప్పుడు కింది మూలకు పోతున్నది. అంటే అప్పుడు స్పర్శ ఒక్కసారి కూడా తిరగలేదు, ఇప్పుడు 90 డిగ్రీల చొప్పున రెండుసార్లు తిరుగుతున్నది. తిరగవలసింది ఒక్కసారే. మధ్యలో ఎప్పుడో సరిగ్గా పనిచేసిన ఘడియ ఒకటి ఉండే ఉంటుంది, మీరు గమనించకుండా తరువాతి చిట్కాకు వెళ్ళిపోయి ఉంటారు.

మ్యాట్రిక్స్ ఉన్న నియమాన్ని తీసేసి, స్క్రీన్ కాన్ఫిగరేషన్‌లోని ఎంపికను ఉంచండి. అలా ఉంచితే రేపు తెరను అడ్డంగా తిప్పినా స్పర్శ దానితోపాటే తిరుగుతుంది, నియమం రాస్తే ప్రతిసారీ అంకెలు మార్చుకోవలసి వస్తుంది. అప్పటికీ కుదరకపోతే తెరను చట్రంలోనుంచి తీసి అడ్డంగా పెట్టి, ఎవ్‌టెస్ట్ నడిపి నాలుగు మూలలూ నొక్కి చూడండి. అది మ్యాట్రిక్స్‌తో నిమిత్తం లేకుండా తెర పంపిన అంకెలను ఉన్నవి ఉన్నట్టు చూపుతుంది. ఎడమ పై మూలలో రెండు అంకెలూ సున్నాకు దగ్గరగా వస్తే తెర ఆరోగ్యంగా ఉన్నట్టే.

వోల్ట్‌మీటరు

పై జవాబుతో ఏకీభవిస్తున్నాను. మూడవ ఇబ్బంది గురించి నేను చెబుతాను, అది నాకు బాగా పరిచయమైన రోగం. వీసీజెన్‌సీఎండీ గెట్ థ్రాటిల్డ్ అన్న ఆదేశం ఇచ్చి ఏ సంఖ్య వచ్చిందో రాయండి. చివరన 50000 అని వస్తే బోర్డు మొదలైన తర్వాత ఎప్పుడో ఒకప్పుడు వోల్టేజీ పడిపోయిందని, 50005 అని వస్తే ఈ క్షణంలో కూడా పడిపోయే ఉన్నదని అర్థం. మీరు దేనితో కరెంటు ఇస్తున్నారో రాయలేదు. ఫోన్ ఛార్జరా?

టోకెన్‌కౌంటర్

రాత్రి మెస్ మూసిన తర్వాత చూశాను. బ్రెడ్‌బోర్డు గారు చెప్పినట్టే రెండూ పెట్టి ఉన్నాను, నియమాన్ని తీసి బోర్డును మళ్ళీ ఆన్ చేయగానే వేలు పెట్టినచోటే స్పందన వచ్చింది. మూడు వారాలు కొట్టుకున్న సమస్య ఇది. చాలా కృతజ్ఞతలు.

సంఖ్య 50000 వచ్చింది. డీమెస్గ్‌లో (సిస్టమ్ సందేశాల చిట్టాలో) టచ్ పరికరం తెగిపోయి మళ్ళీ కలిసినట్టు ఈరోజు ఒక్కరోజే నాలుగుసార్లు ఉన్నది. కరెంటు ఇస్తున్నది ఫోన్ ఛార్జరే, దానిమీద 5 వోల్టులు 3 ఆంపియర్లు అని రాసి ఉన్నది. తీగ మాత్రం వేరేది, మీటరున్నర పొడవు. తెరకు కరెంటు బోర్డు యూఎస్‌బీ నుంచే వెళుతున్నది.

వోల్ట్‌మీటరు

ఛార్జరుమీద రాసి ఉన్నది నిజమే కావచ్చు, దారిలో తీగ తినేస్తున్నది. చౌక తీగలలో చాలావాటిలో కరెంటు మోసే తీగ సన్నటి 28 గేజ్ ఉంటుంది, దాని నిరోధం మీటరుకు దాదాపు 0.21 ఓమ్‌లు. మీటరున్నర పొడవులో కరెంటు వెళ్ళి తిరిగి రావాలి గనుక మొత్తం 3 మీటర్లు, అంటే సుమారు 0.64 ఓమ్‌లు. బోర్డు, తెర కలిసి 1 ఆంపియర్ లాగినా 0.64 వోల్టులు తీగలోనే పోతాయి, 5 వోల్టులతో బయలుదేరినది బోర్డుకు చేరేసరికి 4.36 అవుతుంది. పై 4 బోర్డు దాదాపు 4.63 వోల్టుల దగ్గరే హెచ్చరిక ఇస్తుంది. రాస్ప్‌బెర్రీ పై కంపెనీవారి అసలు అడాప్టరు 5.1 వోల్టులు ఇస్తుంది, దానికి ఉన్న మీటరున్నర తీగ మందపాటి 18 గేజ్, అందులో అదే 1 ఆంపియర్‌కు పోయేది సుమారు 0.06 వోల్టు మాత్రమే. వోల్టేజీ పడినప్పుడు బోర్డు ఆగిపోకుండా నెట్టుకొస్తుంది గానీ, యూఎస్‌బీ చివరన ఉన్న టచ్ చిప్ తట్టుకోలేక తెగిపోతుంది, బొమ్మకు మాత్రం ఏమీ కాదు. మీరు చూస్తున్నది సరిగ్గా ఇదే.

అసలు అడాప్టరు ఎస్‌పీ రోడ్డులో దొరుకుతుంది. తెరకు, బోర్డుకు మధ్య ఉన్న తీగను కూడా అరమీటరు లోపు పొడవున్న మందపాటిదానితో మార్చండి. కొనేటప్పుడు అది డేటా కూడా మోస్తుందో లేదో అడగండి, ఛార్జింగుకు మాత్రమే పనికొచ్చే తీగ పెడితే తెర వెలుగుతుంది గానీ టచ్ రాదు, అప్పుడు మీరు మళ్ళీ ఇక్కడికే వస్తారు.

కొత్తసభ్యుడు

ఇంత శ్రమ ఎందుకు? రెసిస్టివ్ తెర పెట్టుకుంటే దయ్యం తాకిడి (ఎవరూ తాకకుండానే తాకినట్టు నమోదవడం) అన్న మాటే ఉండదు కదా.

బ్రెడ్‌బోర్డు

ఒత్తిడితో పనిచేస్తుంది గనుక విద్యుత్ రొద (కరెంటులో కలిసే అనవసరపు అలజడి) దానిని అంతగా బాధించదన్నది నిజమే, తడి చేతులతోనూ పనిచేస్తుంది. కానీ ఫోన్‌కు అలవాటుపడ్డ జనం దానిని మృదువుగా తాకి, పనిచేయలేదని గోటితో గీకుతారు, పై పొర ఎక్కువ కాలం నిలవదు. రద్దీ మెస్‌కు నేను సిఫారసు చేయను. పైగా కారణం తెలియకుండా తెర మార్చడమంటే దుకాణంవారి సలహానే మనమూ ఇచ్చినట్టు.

టోకెన్‌కౌంటర్ గారూ, రెండవ ఇబ్బందికి ఒక పరీక్ష చెబుతాను. కెపాసిటివ్ తెరలో గాజు వెనుక కంటికి కనిపించని వాహకపు గళ్ళు ఉంటాయి. వేలు దగ్గరకు వచ్చినప్పుడు వాటి కెపాసిటెన్స్‌లో (విద్యుదావేశాన్ని నిలుపుకునే సామర్థ్యంలో) వచ్చే అతి స్వల్పమైన మార్పును చిప్ కొలుస్తుంది. ఎర్త్ లేని అడాప్టరు నుంచి వచ్చే రొద ఆ స్వల్పమైన మార్పును సులువుగా మించిపోగలదు. ఒక మంచి పవర్ బ్యాంకు తెచ్చి, రద్దీ సమయంలో బోర్డును, తెరను దానిమీద మాత్రమే నడపండి. దయ్యం మాయమైతే దోషం తెరది కాదు, గోడ నుంచి వచ్చే కరెంటుది. తుడిచిన గుడ్డ తడి గాజుమీద మిగిలినా అచ్చం ఇలాగే జరుగుతుంది గనుక, పరీక్షకు ముందు పొడిగుడ్డతో తుడవండి.

టోకెన్‌కౌంటర్

కొత్త అడాప్టరు, పొట్టి తీగ పెట్టి మూడు రోజులైంది. సంఖ్య 0 చూపుతున్నది, టచ్ ఒక్కసారి కూడా తెగలేదు. అయితే దయ్యం మాత్రం పోలేదు.

పవర్ బ్యాంకు పరీక్ష ఈరోజు మధ్యాహ్నం చేశాను, ఫలితం నన్ను తికమక పెట్టింది. పవర్ బ్యాంకుమీద కూడా తాకిళ్ళు వస్తూనే ఉన్నాయి. అప్పుడు ఎవ్‌టెస్ట్‌ను ఫోన్‌లో చూస్తూ కౌంటరు దగ్గరే నిలబడ్డాను. వంటగదిలో పచ్చడి కోసం పెద్ద మిక్సీ తిరిగినంతసేపూ అంకెలు వాన కురిసినట్టు పడుతున్నాయి, అది ఆగగానే ఆగిపోతున్నాయి. గోడతో సంబంధమే లేని బోర్డుకు మిక్సీ రొద ఎలా చేరుతున్నది?

వోల్ట్‌మీటరు

సంబంధం లేదని మీరు అనుకుంటున్నారు. ప్రింటరు యూఎస్‌బీ తీగ పీకారా?

టోకెన్‌కౌంటర్

పీకలేదు. రేపు చూస్తాను.

వోల్ట్‌మీటరు

ప్రింటరు అడాప్టరు గోడకు ఉన్నది, ప్రింటరు గ్రౌండ్ యూఎస్‌బీ తీగ ద్వారా బోర్డుకు, అక్కడినుంచి తెరకు కలిసి ఉన్నది. పవర్ బ్యాంకు పెట్టినా ఆ తలుపు తెరిచే ఉన్నది. మిక్సీలలో సాధారణంగా బ్రష్ మోటారు ఉంటుంది, నిప్పురవ్వలు రాల్చుతూ తిరిగే ఆ మోటారు లైనంతా రొదతో నింపుతుంది. ఎర్త్ సరిగా ఉంటే అడాప్టరులోని ఫిల్టరు ఆ రొదలో చాలాభాగాన్ని అటు పంపించేస్తుంది. ఎర్త్ లేకపోతే అది ప్రింటరు గ్రౌండ్ మీదికి, అక్కడినుంచి మీ తెరమీదికి వస్తుంది.

ఇంకొక ముఖ్యమైన సంగతి. స్టీలు కౌంటరును తాకినప్పుడు జిల్లుమన్నట్టు ఎప్పుడైనా అనిపించిందా అని పనిచేసేవారిని అడగండి. పరీక్ష పేరుతో మీరు ముట్టుకోవద్దు. అవునంటే టోకెన్ల సంగతి తరువాత, ముందు ఎలక్ట్రీషియన్‌ను పిలిపించండి.

టోకెన్‌కౌంటర్

ప్రింటరు తీగ పీకగానే, మిక్సీ తిరుగుతున్నా సరే, తెరమీద ఒక్క తాకిడి కూడా లేదు. జిల్లుమనడం గురించి అడిగితే వడ్డించే అబ్బాయి, అది ఎప్పటినుంచో ఉన్నదేనని, తడి చేయి పెట్టకుండా జాగ్రత్తపడతామని చాలా మామూలుగా చెప్పాడు. వినగానే మామయ్య ఆ పూటే ఎలక్ట్రీషియన్‌ను పిలిపించారు.

ఆయన టెస్ట్ ల్యాంపు తీసుకుని ఎక్స్‌టెన్షన్ బోర్డులో ఫేజుకు, న్యూట్రల్‌కు మధ్య పెడితే దీపం వెలిగింది. ఫేజుకు, ఎర్త్ రంధ్రానికి మధ్య పెడితే వెలగలేదు. గోడ సాకెట్‌లో మాత్రం రెండు విధాలుగానూ వెలిగింది. ఎక్స్‌టెన్షన్ బోర్డు ప్లగ్గు విప్పితే, పచ్చ తీగను పిన్నుకు కలపకుండా కత్తిరించి, టేపు చుట్టి లోపలికి మడిచి పెట్టి ఉన్నది. ప్రింటరు, కౌంటరు కింది చిన్న ఫ్రిజ్ రెండూ ఆ బోర్డుమీదే ఉన్నాయి. ఆ తీగ కలిపి, స్టీలు కౌంటరుకు కూడా వేరుగా ఎర్త్ ఇచ్చారు. ఈరోజుకు అయిదు రోజులు, ఒక్క దొంగ టోకెను కూడా రాలేదు.

ఒక చిన్న సందేహం మిగిలింది. కుడివైపు అంచున వేలెడు వెడల్పు పట్టీలో నొక్కితే కొన్నిసార్లు స్పందన ఉండదు.

బ్రెడ్‌బోర్డు

అది మీ స్టీలు చట్రం పని. గాజు అంచుకు లోహం ఆనుకుని ఉంటే అక్కడి గళ్ళు దానినే వేలుగా లెక్కపెట్టుకుంటాయి. చాలా చిప్‌లు ఆన్ చేసిన క్షణంలో ఉన్న స్థితినే మామూలు స్థితిగా నమోదు చేసుకుంటాయి గనుక, ఆ తర్వాత అక్కడ నిజమైన వేలు పెట్టినా తేడా చాలినంత కనిపించదు. చట్రానికి, గాజుకు మధ్య చుట్టూ 1 మిల్లీమీటరు మందం ఉన్న ఫోమ్ టేపు అతికించి, మరలను బిర్రుగా కాకుండా బిగించండి. పని పూర్తయ్యాక ఆన్ చేసేటప్పుడు గాజుమీద చేయి లేకుండా చూసుకోండి.

టోకెన్‌కౌంటర్

కుడివైపు మరలు అర చుట్టు వదులు చేయగానే ఆ పట్టీ పలికింది. ఫోమ్ టేపు ఆదివారం సెలవురోజున వేస్తాను.