పాత విల్లు మీది పేరు చెరిపేయాలా, ఉంచాలా?

హన్మకొండ నాన్న:
కాజీపేటలో మాకు తెలిసిన ఒక పెద్దాయన పోయాక, ఆయన కొడుకు పాత చెక్క రికర్వ్ విల్లు (కొసలు ముందుకు వంపు తిరిగినది) మాకు ఇచ్చాడు. పట్టుకునే చోట మందపు చెక్క, లింబులకు, అంటే పైనా కిందా వంగే బద్దలకు, రెండు వైపులా ఫైబర్‌గ్లాస్ పొర. పట్టుకు కాస్త పైన, బాణం ఆనే చోటు పక్కనే, పెద్దాయన పేరు తెల్ల పెయింటుతో ఉంది. కింది లింబు మీద నల్ల ఇంకుతో "66 అంగుళాలు, 28 దగ్గర 30 పౌండ్లు" అని చేత్తో రాసి ఉంది. వార్నిష్ పసుపెక్కి పొలుసులు లేస్తోంది. పదమూడేళ్ల మా అమ్మాయి దీంతోనే నేర్చుకుంటానంటోంది, కానీ గ్రౌండ్‌లో పిల్లలు "ఎవరి పేరు అది" అని అడుగుతుంటే చిన్నతనంగా ఉందట. మా వీధి వడ్రంగి పెయింట్ రిమూవర్ పూసి, మెషీన్‌తో గంటలో మొత్తం గీకేసి టచ్‌వుడ్ పూత కొడతానంటున్నాడు. చేయించనా?

మడికొండ పాలిష్:
చేయించండి అన్నా. ఇరవై ఏళ్లుగా తలుపులకు, మంచాలకు పాలిష్ చేస్తున్నా, పొలుసులు లేస్తున్న పాత పూత మీద కొత్త పూత నిలవదు. ఇకమీదట ఆ విల్లు పట్టేది మీ బిడ్డ. వాడే వస్తువు మీద వాడేవాళ్ల పేరుండాలి, లేకపోతే ఏమీ ఉండొద్దు.

ములుగు రోడ్ విలుకాడు:
మెషీన్ అనగానే నాకు టెన్షన్ వచ్చింది. దయచేసి లింబుల జోలికి పోనివ్వకండి. ఆ గ్లాస్ పొర మిల్లీమీటరుకు అటూ ఇటూగా ఉంటుంది, విల్లు బలం చాలావరకు దాంట్లోనే. వంగే బద్ద మందం నూటికి ఒక వంతు తగ్గితే బిగువు నూటికి దాదాపు మూడు వంతులు తగ్గుతుంది. పై లింబు ఎక్కువ, కిందిది తక్కువ గీకారనుకోండి, రెండూ సమానంగా వంగవు, బాణం సరిగ్గా పోకపోతే ఆ పిల్ల తప్పంతా తన చేతిదే అనుకుంటుంది. గ్లాస్ పోగు తెగిన చోట చీలిక మొదలవుతుంది. రిమూవర్ పొరల మధ్య జిగురులోకి దిగితే లింబు విడిపోవచ్చు, హీట్ గన్‌తోనూ అదే భయం. గ్లాస్ దుమ్ము ఊపిరితిత్తుల్లోకి పోకూడదు, మాస్కు లేకుండా అసలు ముట్టుకోవద్దు.

ఇంకో మాట, ఆ ఇంకు రాత అలంకారం కాదు. విల్లు పొడవు 66 అంగుళాలు, తాడు 28 అంగుళాలు లాగితే 30 పౌండ్ల బిగువు అని దాని అర్థం. మీ అమ్మాయి 25 అంగుళాల దాకా లాగుతుందనుకుంటే అంగుళానికి సుమారు 2 పౌండ్ల చొప్పున తగ్గి, ఆమె చేతికి వచ్చేది 24 పౌండ్ల దగ్గర. బాణం ఎంత గట్టిదుండాలో దాన్ని బట్టే చూస్తాం. అది చెరిపేస్తే మళ్లీ తక్కెడకు వేలాడదీసి లాగి చూడాల్సిందే.

మడికొండ పాలిష్:
లింబుల సంగతి నాకు తెలియదు తమ్మీ, ఒప్పుకుంటున్నా, గ్లాస్ మీద మెషీన్ వద్దు. కానీ పట్టు మందపు చెక్క కదా. ముందు కనపడని మూల దూదితో స్పిరిట్ అద్ది చూడండి, జిగటగా వస్తే అది లక్క పాలిష్. స్పిరిట్‌కు కదలకుండా థిన్నర్‌కు కరిగితే లక్కర్. రెండింటికీ కదలకపోతే చేత్తో 220 నంబరు ఎమ్రీ, తర్వాత 320, 400, అన్నీ చెక్క గీత వెంటే. పూత పలచగా మూడుసార్లు.

ఏటూరునాగారం:
నేను పేరు ఉంచమనే అంటాను. మా తాత వెదురు విల్లు మీద ఏ రాతా లేదు, కానీ ఆయన పిడికిలి ఆనిన చోట వెదురు నల్లగా నున్నబడి ఉండేది. మా బాబాయి అది మురికి అనుకుని గాజుపెంకుతో గీకి వార్నిష్ కొట్టించాడు. విల్లు మెరిసింది, తాత చెయ్యి పోయింది. నాకు ఇప్పటికీ కోపమే. పెద్దాయన కొడుకును అడిగారా?

ములుగు రోడ్ విలుకాడు:
అన్నా, నీ బాధ అర్థమవుతుంది, కానీ పోటీ సంగతి కూడా చూడాలి. బేర్‌బో (గురి చూసే పరికరం లేకుండా వేసే) విభాగంలో, పట్టుకు పైన బాణం పక్కనుంచి గురి చూసేందుకు తొలిచిన కిటికీ భాగంలో గురికి పనికొచ్చే గుర్తు, మచ్చ ఏదీ ఉండకూడదని నియమం. పేరు సరిగ్గా అక్కడే ఉంది, రేపు జడ్జి అభ్యంతరం పెడతారు. అయితే దానికి చెరపక్కర్లేదు, ఒకే రంగు టేపు వేస్తే చాలు.

హన్మకొండ నాన్న:
అందరికీ థాంక్స్. నిన్న రాత్రి స్పిరిట్ అద్ది చూశాను, దూది గోధుమరంగులో జిగటగా వచ్చింది, లక్కే. లైటు పక్కనుంచి పట్టి చూస్తే ఇంకోటి కనపడింది. పేరు ఉత్త పెయింటు కాదు, ముందు చాకు మొనతో గీసి, ఆ గీతల్లో పెయింటు నింపారు. చివరి అక్షరం దగ్గర చాకు జారి గీత వంకరగా పోయింది. అది పోవాలంటే చెక్క చాలా లోతుకు దిగాలి.

పెద్దాయన కొడుక్కి ఫోన్ చేశాను. "మీ పాప విల్లు అది, మీ ఇష్టం" అని కాసేపు ఆగి, "నాన్నే చెక్కుకున్నాడు" అన్నాడు. మా అమ్మాయి పక్కనే ఉండి విన్నది. పేరు ఉంచి టేపు వేద్దామంటోంది.

కాబట్టి పేరు, ఇంకు రాత రెండూ ఉంటాయి. వడ్రంగికి వద్దని చెప్పేశాను. పట్టు మీది పాత లక్క మాత్రం స్పిరిట్‌తో నేనే తీస్తాను. ఒక్కటే అడగాలి, ఈ వానల్లో పూత వేయొచ్చా?

మడికొండ పాలిష్:
వద్దన్నా. ఈ తేమకు లక్క తెల్లగా పొగమంచు పట్టినట్టు అవుతుంది. వానలు తగ్గాక నాలుగు రోజులు మంచి ఎండ చూసుకుని వేయండి. గీతల్లో పూత నిండిపోకుండా బ్రష్షు కాదు, గుడ్డ ఉండతో రుద్దండి. కావాలంటే మా షాపుకు తీసుకురండి, ఎలాగో చూపిస్తా.