తేలికపాటి ఫ్లైవీల్: 8 కిలోల నుంచి 4కి దిగడం మంచిదేనా?

మూడోగేరు: క్లచ్ మార్చాలి, ఎలాగూ గేర్‌బాక్స్ దిగుతోంది. అదే పనిలో 8 కిలోల ఫ్లైవీల్ (ఇంజిన్ వెనక తిరిగే బరువైన చక్రం) తీసేసి 4 కిలోలది వేద్దామని ఉంది. కారు రోజూ ఆఫీసుకి, నెలకోసారి ట్రాక్‌కి. వేయించుకున్నవాళ్లు చెప్పండి, తేడా తెలుస్తుందా?

క్లచ్‌కష్టాలు: తెలుస్తుంది బ్రో. యాక్సిలరేటర్ ఇలా తాకితే ఆర్‌పీఎం ముల్లు అలా లేస్తుంది. కింది గేరుకి దించేటప్పుడు భలే హాయి. ట్రాఫిక్‌లో మాత్రం మొదటి వారం ఎన్నిసార్లు ఇంజిన్ ఆగిపోయిందో లెక్కలేదు. పవర్ పెరుగుతుందని ఆశపడకు.

లెక్కలమాస్టారు: పవర్ పెరగదు, వేగం అందుకునేటప్పుడు ఫ్లైవీల్‌ని తిప్పడానికి పోయే శ్రమ తగ్గుతుంది. తీసేసిన 4 కిలోలు ఇరుసుకి 10 సెంటీమీటర్ల దూరంలో ఉన్నాయనుకోండి, కారు చక్రం వ్యాసార్ధం 30. మొదటి గేరులో మొత్తం నిష్పత్తి 14 అయితే, అంటే కారు చక్రం ఒక్క చుట్టుకి ఇంజిన్ 14 చుట్లు తిరిగితే, బండి 87 కిలోలు తేలికైనట్టే. నిష్పత్తి 4 ఉన్న పై గేరులో అది 7 కిలోలే!

మూడోగేరు: మాస్టారూ, ట్రాక్ మీద మొదటి గేరు వాడేదెవరు?

లెక్కలమాస్టారు: అదీ నిజమే. రెండో గేరుకి 8 వేసుకోండి, 28 కిలోలు వస్తుంది. ఇంకోటి, పెట్టె మీద రాసిన బరువు చూసి మోసపోవద్దు. అంచున తగ్గించారా, మధ్యలోనా అన్నదే అసలు సంగతి. దూరం సగమైతే ఫలితం పావు వంతే.

గరగర: ముందు మీది డ్యూయల్ మాసో (మధ్యలో స్ప్రింగులతో రెండు ముక్కలుగా ఉండే ఫ్లైవీల్) కాదో చూసుకోండి. నేను అది తీసేసి సింగిల్ మాస్ వేయించా. న్యూట్రల్‌లో క్లచ్ వదిలితే డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు, తొక్కితే మాయం. ఏదో విరిగిందని హడలిపోయా. ఇంజిన్ కుదుపుల్ని మింగే స్ప్రింగులు పాత ఫ్లైవీల్లోనే ఉండేవి, వాటినే కదా తీసి పారేశాం! స్ప్రింగులున్న క్లచ్ ప్లేటు వేయించుకోండి. నేను వేయించుకోలేదు.

పాతఇనుము: పాత పోత ఇనుప ఫ్లైవీల్‌నే లేత్ మీద చెక్కిస్తామని ఎవరన్నా అంటే దండం పెట్టి వచ్చేయండి. ఎక్కువ ఆర్‌పీఎంలో పగిలితే ముక్కలు మీ కాళ్ల దగ్గరికే వస్తాయి. స్టీలుది గానీ, క్లచ్ రుద్దుకునే చోట స్టీలు రింగు ఉన్న అల్యూమినియంది గానీ కొనండి. ఎస్ఎఫ్ఐ 1.1 ముద్ర (రేసు విడిభాగాల భద్రతా ప్రమాణం) ఉంటే మరీ మంచిది.

క్లచ్‌కష్టాలు: క్రాంక్ వెనక ఆయిల్ సీల్, ఫ్లైవీల్ బోల్టులు కూడా కొత్తవి వేయించు. సీల్ వదిలేసి నేను రెండోసారి గేర్‌బాక్స్ దింపించా.

మూడోగేరు: ఇప్పుడే చూశా, నాది డ్యూయల్ మాసే. 4 కిలోలది వదిలేసి 6 కిలోల స్టీలుది, స్ప్రింగుల ప్లేటుతో చూస్తున్నా. గరగర గారూ, అద్దాలు ఎక్కిస్తే ఆ చప్పుడు వినబడుతుందా?

గరగర: నాకైతే వినబడదు. గోడ పక్కన ఆపినప్పుడు మాత్రం దారినపోయేవాళ్లు ఆగి మరీ జాలిగా చూస్తారు.