వైన్‌కు మార్కులు వేసే రాత ఇప్పుడు ఎవరికి ఉపయోగపడుతోంది?

ప్రశ్న (పాఠకుడు):
అమెరికాలోని మేరీలాండ్‌లో న్యాయవాదిగా ఉన్న రాబర్ట్ పార్కర్ 1978లో ప్రకటనలు తీసుకోని ఒక వైన్ పత్రికను మొదలుపెట్టి, ఫ్రాన్స్‌లోని బోర్డో ప్రాంతపు 1982 నాటి పంటను గట్టిగా మెచ్చుకుని, నూటికి ఇన్ని అనే మార్కులకు ప్రపంచమంతటా చెల్లుబాటు తెచ్చారు. ఆయన 2019లో విరమించుకున్నా దుకాణాల అరల మీద ఆ అంకెలే కనిపిస్తున్నాయి. పండించిన మనిషి, నేల, ఆ ఏటి వానల సంగతి మాత్రం రానురాను కనుమరుగవుతున్నాయి. మరోవైపు ప్రపంచ వైన్ వినియోగం 2024లో 1961 తర్వాత ఎన్నడూ లేనంతగా తగ్గిందని అంతర్జాతీయ ద్రాక్ష, వైన్ సంస్థ అంచనా వేసింది. తాగేవారే తగ్గుతున్న కాలంలో ఈ రాత ఎవరి కోసమో వ్యాపారం ఎరిగినవారు చెప్పగలరా?

జవాబు (లండన్ వర్తకుడు):
ఈ అంకెలు తాగేవారికన్నా కొని దాచుకునేవారికే ఎక్కువ పనికొచ్చాయని నా అభిప్రాయం. బోర్డోలో ‘ఆన్ ప్రిమర్’ అనే పద్ధతి ఉంది. శరదృతువులో కోసిన పంట మరుసటి వసంతానికి ఇంకా ఓక్ పీపాల్లో ఉండగానే విమర్శకులను, వర్తకులను పిలిచి రుచి చూపిస్తారు. కొనేవారు ఆ ఏడే సొమ్ము కడతారు. సీసా చేతికి రావడానికి ఇంచుమించు రెండేళ్లు పడుతుంది. సరుకు కళ్లెదుట లేదు కాబట్టి బేరమంతా మార్కు మీదే నడుస్తుంది.

అక్కడ ఒక్క ఉదయంలో పదుల కొద్దీ నమూనాలు వరసగా పెడతారు. నోట్లో పోసుకుని, పుక్కిలించి, ఉమ్మి, రెండు ముక్కలు రాసుకుని పక్క గ్లాసు అందుకోవాలి. మధ్యాహ్నానికి పళ్లు ఊదారంగుకు తిరుగుతాయి, వగరుకు చిగుళ్లు పట్టేస్తాయి. ఆ స్థితిలో బాగా పండిన, చిక్కటి, ఓక్ వాసన దండిగా ఉన్న వైనే నాలుకకు ఆనుతుంది. భోజనంతో నెమ్మదిగా తాగాల్సిన సున్నితమైన వైన్ వెనకబడుతుంది. తోటల్లో కోతలు ఆలస్యం చేసి, కొత్త పీపాలు విరివిగా వాడిన కాలం ఒకటి నడవడానికి ఇది కూడా ఒక కారణం.

జవాబు (పాత చందాదారు):
వర్తకుడు గారితో నేను పూర్తిగా ఏకీభవించలేను. అంతకుముందు వైన్ గురించి రాసినవారిలో చాలామందికి ఆ వ్యాపారంతోనే సంబంధాలుండేవి. వర్తకుడి దయ లేకుండా సామాన్యుడు మంచి సీసా ఎంచుకునే వీలు ఆ మార్కుల వల్లే కలిగింది. పైగా ధరను బట్టి అంతస్తులు కట్టడం పార్కర్‌తో మొదలైంది కాదు. 1855లో పారిస్ ప్రదర్శన కోసం బోర్డో దళారులు తోటలను ఐదు తరగతులుగా విభజించినప్పుడు ప్రమాణంగా తీసుకున్నది అమ్మకపు ధరలనే. 1973లో మూతోన్ రోత్‌షీల్డ్ అనే తోటను మొదటి తరగతికి ఎక్కించడం తప్ప ఆ జాబితాలో చెప్పుకోదగ్గ మార్పు నేటికీ లేదు. తప్పుబట్టాలంటే ముందుగా ఆ జాబితాను తప్పుబట్టాలి.

జవాబు (బోర్డో నివాసి):
మీరిద్దరూ మాట్లాడుతున్నది పిడికెడు తోటల గురించి. నేనుండే ఆంత్ర్ దో మేర్ వైపు, టోకు వర్తకులకు 900 లీటర్ల లెక్కన వైన్ అమ్ముకునే రైతులే ఎక్కువ, వారిలో చాలామందికి సాగు ఖర్చు కూడా రావడం లేదు. ఫ్రాన్స్‌లో ఎర్ర వైన్ తాగడం తగ్గింది, చైనా కొనుగోళ్లూ పడిపోయాయి. 2023లో హెక్టారుకు 6,000 యూరోల చొప్పున పరిహారమిచ్చి, దాదాపు 9,500 హెక్టార్ల తోటలు తీసివేయించే పథకం వచ్చింది. ముందు ఇనుప తీగెలు విప్పి చుట్టలు చుడతారు, గుంజలు పీకుతారు, ఆపైన యంత్రంతో మొదళ్లు పెకలించి కుప్పలు వేస్తారు. తాతల నాటి మొదళ్లు కూడా ఆ కుప్పల్లోకే పోతున్నాయి. రోజూ భోజనంతో తాగదగిన వైన్ పండించే ఈ రైతుల గురించి ఎవరైనా శ్రద్ధగా రాసి ఉంటే వారికీ నాలుగు ఊళ్లలో కొనేవారు దొరికి ఉండేవారు కదా అన్నదే నా బాధ.

జవాబు (లండన్ వర్తకుడు):
1855 జాబితా గురించి చందాదారు గారు చెప్పింది నిజం, ఒప్పుకుంటున్నాను. అయితే ఆ జాబితాలో మొదటి తరగతికి చెందిన షాటో లాతూరే 2012లో ‘ఆన్ ప్రిమర్’ నుంచి తప్పుకుని, తాగడానికి సిద్ధమైందనుకున్నాకే వైన్‌ను విడుదల చేస్తోంది. పేరూ సొమ్మూ ఉన్న తోట అలా ఆగగలదు; నివాసి గారు చెప్పిన రైతుకు ఆ వెసులుబాటు లేదు. అటువైపు అరవై, డెబ్భై హెక్టార్లలో సొంత పేరుతో సీసాలు నింపే రైతులు ఎవరైనా తెలిస్తే చెప్పండి, మా దుకాణానికి నమూనాలు తెప్పించుకుంటాను.